అన్నీ అందులోనే, కొన్ని తప్ప

హనుమకొండ చౌరస్తా నుంచి సముద్రం కనబడదు. పద్మాక్షి గుట్ట ఎక్కి చూసినా కనబడదు. సముద్ర మట్టానికి 800 అడుగులకు పైన ఉన్న ఊరు మనది. ఏ తీరానికి పోవాలన్నా 200 కిలోమీటర్ల పైమాటే. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ ఒప్పుకుంటేనే సంబరపడ్డాం. విమానం కంటే ముందు ఓడ వచ్చేసింది. నిన్నమొన్నటిదాకా తిరుపతి, షిర్డీ, కాశీ అమ్మిన ట్రావెల్స్ గాజు తలుపుల మీద ఇప్పుడు తెల్లటి ఓడ బొమ్మ అతికించారు. దాని కింద ఎర్ర అక్షరాలు: మూడు రాత్రులు, నాలుగు పగళ్లు, అన్నీ అందులోనే!

ఓడ మీద నాకు పగ లేదు. లక్నవరంలో అరగంట బోటు కోసం ఎండలో లైను కట్టిన మనిషి, నాలుగు రోజులు నీళ్ల మీదే ఉండి రావాలనుకుంటే తప్పేముంది? జీవితమంతా పిల్లల ఫీజులు కట్టిన దంపతులు రిటైరైన ఏడాది డెక్కు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే నాకెందుకు కడుపుమంట? నా పేచీ ఆ ఎర్ర అక్షరాలతో. వాటికి తోకలాగా పుట్టుకొచ్చిన సలహాదారుల జాతితో కూడా. ఎందుకంటే ఒకరి మాటను ఇంకొకరు అబద్ధం చేస్తున్నారు. అన్నీ అందులోనే ఉంటే ఇన్ని సలహాలెందుకు? తొలిసారి ఓడెక్కేవారికి ఇరవై సూచనలు అని ఎవరు పంపినా తీసి చదవండి. అందులో పదిహేను, ప్యాకేజీలో లేనివాటి పట్టిక. మిగిలిన అయిదు, ఆ లేనివాటికి ఎంతవుతుందో చెప్పేవి.

నిజానికి ఓరుగల్లు నుంచి ఓడవాళ్లకు మాట వెళ్లడం కొత్త కాదు. 780 ఏళ్ల కిందటే వెళ్లింది, అదీ రాతి మీద. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం అది. ఓడ గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా పాత రాజులు ఊడ్చుకునేవారట. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదీ వదిలేవారు కాదు. మేమలా చేయం, ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేదీ ముట్టం అని ఆయన చెక్కించాడు. ఆ సుంకం ఎంతో కూడా అక్కడే చెప్పాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. ఆ వెనకే చందనానికి ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకు ఇంత, మిరియాలకు ఇంత, పట్టుకు ఇంత అని వరసగా.

చైనా కర్పూరం తెచ్చినవాడైనా సరే, ఒడ్డున దిగి ఆ రాయి చదివించుకుంటే తన మూటలోంచి ఎంత పోతుందో అక్కడికక్కడే తేలిపోయేది. ధరలు మారవచ్చు అని ఆ రాతి మీద లేదు. నక్షత్రం గుర్తు లేదు. షరతులు వర్తిస్తాయి అని అడుగున కంటికి ఆనని అక్షరాలూ లేవు. ఆ తర్వాత యాభై ఏళ్లకు మార్కో పోలో మన రాజ్యాన్ని ఆ రేవు పేరు మీదే ముత్‌ఫిలి అని రాసుకున్నాడంటే, లెక్క తేటగా చెప్పిన రేవుకు ఓడలు బాగానే వచ్చాయనుకోవాలి.

ఇప్పుడు అదే ఓరుగల్లులో గాజు తలుపు తోసుకుని లోపలికి పోదాం. ఏసీ చల్లగా ఉంటుంది. కుర్రాడు మంచివాడే. "రండి సార్, కూసోండి. మేడం, నీళ్లు తాగుతరా?" అంటాడు. ధర అడిగితే పాతిక వేలు అన్నాడనుకుందాం. "అక్కడి నుంచి మొదలు సార్" అంటాడు, ఆ మొదలు దగ్గర గొంతు కాస్త తగ్గించి.

ఆ పాతిక వేలు ఒక మనిషికి. అదీ ఇద్దరు కలిసి ఒక గదిలో ఉంటేనే. ఒక్కణ్నే పోతానంటే చాలా ఓడల్లో రెండో మంచానికి కూడా మీతోనే కట్టిస్తారు. ఆ మంచం మీద ఎవరూ పడుకోరు, అయినా టికెట్టు ఉంటుంది. ఆ ధరకు వచ్చే గది ఓడ కడుపులో ఉంటుంది, కిటికీ ఉండదు. 150 చదరపు అడుగులుంటే సంతోషించాలి. లైటు ఆపితే పగలో రాత్రో తెలియదు. సముద్రం చూడాలంటే లిఫ్టెక్కి పైకి పోవాలి. కిటికీ ఉన్న గది ఒక ధర, బాల్కనీ ఉన్నది ఇంకో ధర. బాల్కనీల్లోనూ ఒక రకం కాస్త చౌకగా దొరుకుతుంది. ఎందుకు చౌకో అడక్కుండా తీసుకోకండి. ఎదురుగా లైఫ్ బోటు వేలాడుతుంటుంది. నాలుగు రోజులూ మీరు చూసేది దాని వీపునే.

పోర్టు చార్జీలు వేరు. జీఎస్టీ వేరు. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ అని ఇంకొంత పట్టుకుంటారు. అది ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఎవరి పాన్ నంబరు మీద కట్టారో అడిగి చూసుకునేవాళ్లు ఇంకా తక్కువ.

ఆ తర్వాత టిప్పు. మనకు టిప్పంటే బిర్యానీ తిన్నాక సోంపు ప్లేట్లో పెట్టే ఇరవై రూపాయలు. ఓడలో అలా కాదు. అమెరికా కంపెనీల పెద్ద ఓడల్లో రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా మీ ఖాతాలో దానంతటదే పడిపోతుంది, పిల్లలకు కూడా. నలుగురున్న కుటుంబం అయిదు రాత్రులు ఉంటే 320 నుంచి 400 డాలర్లు. అంటే మీతో లేని అయిదో మనిషికి టికెట్టు కొన్నట్టే. పనివాళ్లకు ఇవ్వొద్దని నేననను. ఆ గది ఊడ్చి, పక్క సర్ది, తువ్వాలతో ఏనుగు బొమ్మ చేసి పెట్టే మనిషి నెలల తరబడి ఒక్క పూర్తి రోజు సెలవు లేకుండా పనిచేస్తాడు. నేనడిగేది వేరే. అతనికి జీతమివ్వాల్సింది కంపెనీ అయినప్పుడు అది నా బిల్లులో విడి పద్దుగా ఎందుకుంది? టికెట్టులో ఎందుకు కలవలేదు? కలిస్తే తలుపు మీది అంకె పెద్దదవుతుంది, అందుకు.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన రైతుకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. బోర్డు మీద రాసిన ధర వేరు, తరుగు, కమీషను, హమాలీ పోయాక చేతికొచ్చేది వేరు అని అతనికి పుట్టుకతో తెలుసు. ఆ రైతు కొడుకే ఇంజనీరై, ఆ గాజు తలుపు ముందు నిలబడి ఎర్ర అక్షరాలను అక్షరం పొల్లుపోకుండా నమ్ముతాడు. చదువు ఎక్కువైతే తండ్రి తెలివి ఎటు పోతుందో!

"భోజనం మాత్రం ఫ్రీ సార్, ఎంత తింటె గంత" అంటాడు కుర్రాడు. నిజమే. బఫేలో ఇడ్లీ నుంచి పాస్తా దాకా ఉంటాయి. మన తీరం నుంచి, సింగపూర్ నుంచి బయల్దేరే ఓడల్లో శాకాహారం, అడిగితే జైన భోజనం కూడా పెడతారు. అయితే బఫే పక్కనే ఇంకో హోటలు ఉంటుంది, పరదాలు, పూలగుత్తి, పియానోతో. అక్కడ కూర్చుంటే డబ్బు. మంచినీళ్లు గ్లాసులో ఫ్రీ, సీసాలో డబ్బు. టీ బఫేలో ఫ్రీ, కౌంటరు దగ్గర నురగ కాఫీకి డబ్బు. కూల్‌డ్రింకుకు డబ్బు. మందు సంగతి సరేసరి. కొన్ని పెద్ద కంపెనీల్లో, ఒక గదిలో ఒకరు మందు ప్యాకేజీ తీసుకుంటే ఆ గదిలోని పెద్దవాళ్లంతా తీసుకోవాలి. బావ తాగుతాడు, అక్క తాగదు. డబ్బు ఇద్దరికీ. ఆ కక్ష తీరాలంటే అక్క నాలుగు రోజులూ పొద్దున లేచింది మొదలు బత్తాయి రసం తాగుతూ కూర్చోవాలి.

ఇదంతా నోట్ల రూపంలో పోదు కాబట్టి నొప్పి తెలియదు. ఓడెక్కగానే ఒక కార్డు చేతిలో పెడతారు. గది తాళం అదే, గుర్తింపు అదే, పర్సు అదే. అది చూపిస్తే చాలు, ఎవరూ రూపాయి అడగరు. ఆఖరి రోజు పొద్దున అసలు లెక్క కనిపిస్తుంది. రోజూ పడుకునే ముందు ఖాతా చూసుకోండి, తప్పుగా పడినదేదైనా ఉంటే ఆ రాత్రే అడగండి. దిగాక అడిగితే ఈమెయిల్ రాయమంటారు.

ఫోను సంగతి ఇంకా సొగసు. తీరం దాటాక మీ ఫోను ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కును తనంతట తనే పట్టుకుంటుంది. మామూలు విదేశీ రోమింగ్ ప్యాకు దానికి చెల్లదు. డెక్కు మీద నుంచి వీడియో కాల్ చేసి "అగో అత్తమ్మా, సముద్రం! అంత నీళ్లే!" అని చూపించిన పది నిమిషాలకు వచ్చే బిల్లుతో అత్తమ్మను మరుసటి ఏడాది స్వయంగా తీసుకొచ్చి చూపించవచ్చు. ఓడెక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వైఫై కొనుక్కుంటే కొనుక్కోండి. అది కూడా డబ్బే.

కాబట్టి కుర్రాడి దగ్గర మొహమాటపడొద్దు. పోర్టు చార్జీలు ఎంత, పన్నులు ఎంత, టిప్పు ఎంత, ఒడ్డున దిగి ఊరు చూపించే బస్సుకు ఎంత, చివరికి నలుగురికీ కలిపి నా జేబులోంచి మొత్తం ఎంత, అని అడిగి రాయించుకోండి. రాతి మీద అక్కర్లేదు, లెటర్‌హెడ్ మీద చాలు.

అన్నీ అందులోనే అన్న మాట నమ్మి ఓడెక్కిన తెలుగువాళ్లు ఇంతకుముందూ ఉన్నారు లెండి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో నాటాల్‌కు పోయిన కూలీల్లో మనవాళ్లున్నారు. ప్రయాణం ఖర్చు లేదు, తిండి వాళ్లదే, ఉండడానికి చోటు వాళ్లదే. బదులుగా చెరకు తోటల్లో అయిదేళ్లు. పోలిక అన్యాయమే, ఒప్పుకుంటా. బాల్కనీలో బత్తాయి రసం తాగేవాణ్ని ఆ మనుషుల పక్కన నిలబెట్టడం తగదు. కానీ అన్నీ మేమే చూసుకుంటాం అన్నవాణ్ని, ఎక్కడ రాబట్టుకుంటావు నాయనా అని అడగడం అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే.

ఇక సలహాదారులు. వీళ్లలో పెద్దన్న, ఒక్కసారి పోయొచ్చిన పెద్దమనిషి. పోయింది ఒక్కసారే అయినా వాస్కో డ గామా కూడా తనను అడిగే బయల్దేరాడన్నట్టు మాట్లాడతాడు. కాలనీ వాట్సప్ గ్రూపులో తెల్లారక ముందే రాస్తాడు: చిన్న కరెంటు కుక్కరు పట్టుకపోండ్రి, బియ్యం పట్టుకపోండ్రి, మామిడికాయ తొక్కు మరువకుండ్రి, ఎక్స్‌టెన్షన్ బాక్సు తప్పనిసరి. కింద ఇరవై ఏడు మంది దండాలు పెడతారు. కుక్కరు, కెటిల్, ఇస్త్రీపెట్టె, వేడెక్కే తీగ ఉన్న ఏ వస్తువునూ ఓడలోకి రానివ్వరు. ఎక్స్‌టెన్షన్ బాక్సులూ చాలా కంపెనీల్లో నిషేధమే. నడి సముద్రంలో మంట లేస్తే ఫైరింజను ఎక్కడి నుంచి వస్తుంది? స్కానింగులో పట్టుకుని, చీటీ కట్టి పక్కన పెడతారు. ఇంట్లో చేసిన తిండికీ చాలా ఓడల్లో అనుమతి లేదు. సీలు వేసిన ప్యాకెట్లయితే కొన్నిచోట్ల పోనిస్తారు. పండక్కి చేసిన సకినాలు స్టీలు డబ్బాలో పెట్టుకుని గేటు దాకా మోసిన ఇల్లాలు అక్కడే కూర్చుని అందరికీ పంచాల్సి వస్తుంది. ఈ సంగతి పెద్దమనిషికి తెలుసు. తన కుక్కరు కూడా పట్టుబడింది. గ్రూపులో మాత్రం రాయడు.

రెండోవాడు వీడియోల పిల్లగాడు. డెక్కు మీద చేతులు చాచి, గుండ్రంగా తిరిగి, "ఫ్రెండ్స్, ఇది స్వర్గం" అంటాడు. వీళ్లలో కొందరిని కంపెనీలే పిలిచి ఎక్కించుకుంటాయి. అలా ఎక్కినవాడు అబద్ధమాడడం లేదు. ఓడ మొత్తంలో అన్నీ అందులోనే అన్న మాట ఎవరికైనా నిజమైందంటే అతనొక్కడికే.

మూడోవాడు ఏ ఓడా ఎక్కలేదు, టైటానిక్ సినిమా మాత్రం చూశాడు. ఇతని సలహా ఒక్కటే: పోవద్దు. ముగ్గురిలో ఖర్చు లేని సలహా ఇదే.

ఈ ముగ్గురూ చెప్పని చిన్న నిజం ఒకటుంది. ఓడ ఊగినప్పుడు అందరికంటే తక్కువ ఊగేది కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో ఉన్న గదులు. అందరికంటే ఎక్కువ ఊగేది పైన, కొసన ఉన్న గదులు. అంటే లక్షలు పోసి పై అంతస్తు చివరి సూట్ తీసుకున్న కాంట్రాక్టర్ గారు బకెట్ పట్టుకుని కూర్చున్న రాత్రి, కింద కిటికీ లేని గదిలో టీచరు గారు హాయిగా గురకపెట్టవచ్చు. ఓడలో పేదవాడికి దొరికే న్యాయం ఇదొక్కటే కాబట్టి కంపెనీ దీన్ని ప్రకటనల్లో వేయదు. వాంతుల భయం ఉన్నవాళ్లు అవోమిన్ లాంటి మాత్ర ఏదో డాక్టర్ని అడిగి, ఓడ కదలకముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్ర కూడా బయటికే వస్తుంది. తల తిరిగితే గదిలో పడుకోకుండా డెక్కు మీదికి వచ్చి దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూడండి. ఓడలో డాక్టరు ఉంటాడు, ఫీజు డాలర్లలో. ఆరోగ్యశ్రీ కార్డు, ఉద్యోగుల హెల్త్ కార్డు నీళ్ల మీద పనిచేయవు. ప్రయాణ బీమా చేయించుకోండి. అదీ ప్యాకేజీలో లేదని వేరే చెప్పాలా?

ఒక్క సంగతి మాత్రం నిజంగానే టికెట్టులో కలిసి వస్తుంది, పైసా అదనం లేకుండా. దాన్నే అందరూ ఎగ్గొట్టాలని చూస్తారు. ఓడ బయల్దేరే ముందు జరిగే భద్రతా డ్రిల్లు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఎక్కడికి పరిగెత్తాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి అన్నది చూపిస్తారు. మన సలహాదారు అంటాడు: "అప్పుడు బఫే ఖాళీగ ఉంటది అన్నా, అటు పొండ్రి." 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జీలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. 32 మంది చనిపోయారు. ప్రయాణికులు ఓడలో ఉండగానే కెప్టెన్ ఒడ్డుకు చేరాడు, ఆ తర్వాత 16 ఏళ్ల జైలు పడింది. అప్పటిదాకా ఎక్కిన 24 గంటల లోపు డ్రిల్లు పెడితే చాలన్న నియమాన్ని మార్చి, 2015 నుంచి ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో పెట్టి తీరాలన్నారు.

ఇటలీ దాకా ఎందుకు? 2019 సెప్టెంబర్ 15న, వరద మీదున్న గోదావరిలో, పాపికొండలకు పోతున్న రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. కాజీపేట పక్కనున్న మన కడిపికొండ నుంచి 14 మంది ఆ బోటులో ఉన్నారు. ఐదుగురు బయటపడ్డారు. దీని మీద నాకు వ్యంగ్యం రాదు. ఆ ఊరివాళ్లెవరైనా ఉన్న చోట "జాకెట్ ఎందుకు, ఫొటో పాడైతది" అనే మాట ఎవరి నోటా రాకూడదని మాత్రం అంటాను.

సరే, ఓడ కదిలింది. పోస్టరు మీద మూడు ఊళ్ల పేర్లున్నాయి. మూడింటిలోనూ దిగుతామని ఎవరు చెప్పారు? 2022 జూన్‌లో చెన్నై నుంచి కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ బయల్దేరింది. విశాఖ వచ్చింది, మనవాళ్లు బీచి మీద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. తర్వాతి మజిలీ పుదుచ్చేరి. ఓడలో క్యాసినో ఉందని అక్కడ పార్టీలు గొడవ చేశాయి, అనుమతి రాలేదు. విచిత్రమేమిటంటే అప్పట్లో పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యతలు చూస్తున్నది మన తెలంగాణ గవర్నరే. ఓడ ఎక్కే ముందు మీరు సంతకం పెట్టిన కాగితంలో, ఏ రేవులో ఆగాలో ఆగకూడదో కంపెనీ ఇష్టం అని రాసి ఉంటుంది. వాతావరణం బాగా లేకపోయినా అంతే, రాజకీయం బాగా లేకపోయినా అంతే. టికెట్టు డబ్బు దాదాపుగా తిరిగి రాదు. కాబట్టి ఒక ఊరు చూడడమే మీ లక్ష్యమైతే ఆ ఊరికి రైలెక్కండి. ఓడ ఎక్కేది ఓడ కోసం.

క్యాసినో అనగానే గుర్తొచ్చింది. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ ఆడినా 2017 నుంచి నేరం. అంత కట్టడిలో పెరిగిన మనవాడికి, నీళ్లలో కొంత దూరం పోయాక తెరుచుకునే ఆ తలుపు చూడగానే దసరా వచ్చినట్టుంటుంది. ఆ గదికి మాత్రం గడియారం ఉండదు, కిటికీ ఉండదు. కిటికీ లేని గది చౌకగా ఉండాలన్న నియమం అక్కడ వర్తించదు.

మజిలీలో దిగితే ఇంకో భయం. ఓడ ఎవరి కోసమూ ఆగదు. 2024 మార్చిలో నార్వేజియన్ డాన్ అనే ఓడ ఆఫ్రికా పక్కన సావో తోమే దీవిలో ఎనిమిది మందిని ఒడ్డునే వదిలేసి వెళ్లిపోయింది. సొంతంగా మాట్లాడుకున్న టూరుకు వెళ్లి వాళ్లు ఆలస్యంగా వచ్చారు. కంపెనీ వారి బస్సులో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుందని చెప్తారు, అందుకే ఆ బస్సు టికెట్టు అంత ఖరీదు. ఇంకో మాట. ఓడలోని గడియారం, ఊళ్లోని గడియారం ఒక్కోసారి వేరువేరు టైము చూపిస్తాయి. ఓడ టైమే టైము. మన దగ్గర తొమ్మిదింటి ముహూర్తానికి పదకొండింటికి పోయి "ఇంక కాలేదా?" అని అడిగే అలవాటు ఉన్నవాళ్లు ఓడ దిగకపోవడమే మేలు.

ఎక్కడానికీ అదే గొడవ. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున చెన్నైలో దిగి అటునుంచటే రేవుకు పోవచ్చని గ్రూపులో రాస్తారు. రైలు ఆ రోజు టైముకు వస్తేనే. ముందు రోజే చేరి హోటల్లో పడుకోవడం మంచిది. ఆ హోటలు ఎందులోనూ లేదు. సింగపూర్‌లో ఎక్కి మలేసియా, థాయిలాండ్ చుట్టి మళ్లీ సింగపూర్‌లోనే దిగే ఓడ అయితే, సింగపూర్‌లోకి రెండోసారి రావడానికి కూడా చెల్లే వీసా ఉండాలి. ఒక్కసారి ప్రవేశానికి తీసుకున్నవాడిని ఓడ ఎక్కనివ్వరు. అంత దూరం ఎందుకంటారా, మన విశాఖలోనే 2023 సెప్టెంబర్‌లో 96 కోట్లతో తళతళలాడే క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఓడలు వరసపెట్టి రావడం ఒక్కటే మిగిలింది. రేవు మనది, ఓడ వాళ్లది.

ఆఖరి రాత్రి సూట్‌కేసులకు చీటీలు కట్టి గది బయట పెట్టమంటారు. రాత్రికి రాత్రే తీసుకుపోయి పొద్దున ఒడ్డున అప్పగిస్తారు. తొలిసారి పోయిన ఉత్సాహవంతులు బట్టలన్నీ చక్కగా సర్ది బయట పెట్టేసి, తెల్లారాక చూసుకుంటే ఒంటి మీద లుంగీ తప్ప ఏమీ ఉండదు. రేపటి చొక్కా, ప్యాంటు, మందులు, పాస్‌పోర్టు చేతిసంచిలో ఉంచుకోవాలి. అదే రాత్రి లాబీలో ఒక బల్ల వేసి ఉంటుంది. వచ్చే ఏడాది ప్రయాణానికి ఇప్పుడే డిపాజిట్ కడితే, ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి కొన్ని డాలర్లు మీ ఖాతాలో వేస్తామంటారు. ఆ డాలర్లు ఓడ బయట చెల్లవు. మన పెద్దమనిషి ఆ లైన్లో రెండోవాడు. బిల్లు ఇంకా చూసుకోలేదు, డిపాజిట్ మాత్రం కట్టాడు.

పొద్దున దిగేటప్పుడు గేటు దగ్గర చీటీ చూపించి తన కుక్కరు విడిపించుకున్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని, ఒడ్డున సిగ్నల్ రాగానే గ్రూపులో రాశాడు: "కుక్కరు తీస్కపోతే ఏం గాదు. వాళ్లే జాగ్రత్తగ దాచిపెట్టి ఇస్తరు."